ట్రామాకు చికిత్స: ఏ పద్ధతి, ఎవరి దగ్గర, ఎంతకాలం?

ప్రమాదం, హింస, వేధింపు లాంటివి మనసుకు చేసే లోతైన గాయమే ట్రామా. కౌన్సెలర్ల ప్రొఫైళ్లలో ఇప్పుడు తరచూ కనిపించే మాటలు రెండు: హోలిస్టిక్ (మనిషిని సమగ్రంగా చూడడం), ట్రామా ఇన్‌ఫార్మ్‌డ్. ఈ రెండూ మిమ్మల్ని ఎలా చూసుకుంటారో చెబుతాయి తప్ప, ఏ చికిత్స చేస్తారో చెప్పవు. ఎంపికలో జరిగే పొరపాట్లలో చాలావాటికి మూలం ఇక్కడే ఉంది.

ట్రామా ఇన్‌ఫార్మ్‌డ్ అంటే ఎదుటి మనిషి గతంలో దెబ్బతిని ఉండొచ్చన్న ఎరుకతో మెలగడం. అమెరికా ప్రభుత్వ సంస్థ శామ్‌సా 2014లో దీనికి ఆరు సూత్రాలు చెప్పింది: భద్రత, దాపరికం లేకపోవడం, తోటి బాధితుల తోడు, కలిసి నిర్ణయించుకోవడం, మాటకు విలువ, సంస్కృతినీ లింగభేదాలనూ గుర్తెరగడం. తలుపు వేసే ముందు అడగడం, చెప్పకుండా ముట్టుకోకపోవడం, చెప్పాలనిపించనిది చెప్పించకపోవడం ఇందులోకే వస్తాయి. పళ్ల డాక్టరు క్లినిక్ కూడా ట్రామా ఇన్‌ఫార్మ్‌డ్‌గా ఉండొచ్చు. ఉండాలి కూడా.

ట్రామా చికిత్స వేరు. అందులో ఆ జ్ఞాపకంతో, దాని చుట్టూ పేరుకున్న నమ్మకాలతో, భయంతో తప్పించుకు తిరిగే అలవాటుతో నేరుగా పని చేస్తారు. దానికి దశలుంటాయి, సెషన్ల లెక్క ఉంటుంది, ముగింపు ఉంటుంది. మొదటిది ఉండి రెండోది లేకపోతే నెలల తరబడి ఆప్యాయంగా మాట్లాడుకుంటారు, పీడకలలు మాత్రం అలాగే ఉంటాయి. రెండోది ఉండి మొదటిది లేకపోతే మూడో సెషన్‌కే మనిషి పారిపోతాడు. రెండూ ఉన్న చోటు వెతుక్కోవాలి.

## పద్ధతి కంటే ముందు తేల్చుకోవాల్సినవి

ఎంతకాలమైంది? ఘటన జరిగి నెల కూడా కాకపోతే నిద్ర పట్టకపోవడం, ఉలికిపాటు, అదే దృశ్యం కళ్లముందు తిరగడం చాలామందికి ఉంటాయి, చాలామందిలో వాటంతటవే తగ్గుతాయి. ఈ దశలో కూర్చోబెట్టి జరిగినదంతా చెప్పించే ఒక్కసారి డీబ్రీఫింగ్ వల్ల మేలు లేదని తేలింది. చాలామందికి నిద్ర, తిండి, తోడు మనిషి ఉంటే చాలు. నెల దాటినా తగ్గకపోతే పీటీఎస్‌డీ (పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్, ఘటన ముగిసినా అది మనసును వదలని జబ్బు) కోసం పరీక్షించుకోవాలి.

ఒక్కసారి జరిగిందా, ఏళ్ల తరబడి జరిగిందా? రోడ్డు ప్రమాదం ఒక రకం. చిన్నప్పటి నుంచి ఇంట్లోనే దెబ్బలు, లైంగిక వేధింపు, ఏళ్ల గృహహింస మరో రకం. 2022 నుంచి అమల్లో ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ ఐసీడీ-11 ఎక్కువగా ఈ రెండో రకం వల్ల వచ్చే కాంప్లెక్స్ పీటీఎస్‌డీని విడిగా గుర్తించింది. పీటీఎస్‌డీ లక్షణాలకు తోడు భావోద్వేగాలు అదుపు తప్పడం, నేను పనికిరానిదాన్ననే భావన, ఎవరితోనూ దగ్గర కాలేకపోవడం ఇందులో ఉంటాయి. దీనికి 12 సెషన్లలో పని ముగుస్తుందని ముందే మాట ఇచ్చేవారిని నమ్మకండి.

ప్రమాదం ఇంకా నడుస్తోందా? కొట్టే మనిషి ఇంట్లోనే ఉంటే ముందు కావాల్సింది భద్రత. అప్పుడు పాత జ్ఞాపకాలను తవ్వడం మొదలుపెడితే జాగ్రత్తగా ఉండాల్సిన మనసు మరింత అలసిపోతుంది. మహిళల హెల్ప్‌లైన్ 181, సఖి కేంద్రాలు, తెలంగాణలో భరోసా కేంద్రాలు ఇందుకోసం ఉన్నాయి. వీటిలో కౌన్సెలింగ్‌తో పాటు పోలీసు, న్యాయ సహాయం దొరుకుతుంది. పిల్లలకైతే 1098.

ముందు సైకియాట్రిస్ట్‌ను కలవాల్సిన పరిస్థితా? చనిపోవాలన్న ఆలోచన, తనను తాను గాయపరచుకోవడం, రోజూ తాగుడు, ఎవరో మాట్లాడుతున్నట్టు వినిపించడం, గంటల తరబడి ఏం చేశారో గుర్తులేకపోవడం... వీటిలో ఏది ఉన్నా సైకియాట్రిస్ట్‌తో మొదలుపెట్టాలి. ఏ రాత్రయినా మాట్లాడాలంటే టెలీ మానస్ 14416. 2022 అక్టోబర్ 10న మొదలైన ఈ కేంద్ర ప్రభుత్వ సేవ ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు.

## ఒక్క చూపులో

ఈ పేర్లు ఏమిటో కింద ఒక్కొక్కటిగా ఉంది.

| పద్ధతి | సాధారణంగా సెషన్లు | ఘటన గురించి ఎంత చెప్పాలి | ఇంటిపని | రుజువులు |
|---|---|---|---|---|
| సీపీటీ | 12, ఒక్కోటి 50-60 నిమిషాలు | తక్కువైనా సరే | రాతపని, దాదాపు రోజూ | గట్టివి |
| ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్ | 8-15, ఒక్కోటి 90 నిమిషాలు | మొత్తం, మళ్లీ మళ్లీ | చాలా | గట్టివి |
| ఈఎండీఆర్ | ఒకే ఘటనైతే కొద్ది సెషన్లు, పలు ఘటనలైతే ఎక్కువ | చాలా తక్కువ | దాదాపు లేదు | గట్టివి |
| నెట్ | 4-10, ఒక్కోటి 90 నిమిషాలకు పైగా | జీవితం మొత్తం, వరసగా | లేదు | మంచివి |
| శరీరం ద్వారా చేసేవి, యోగా | లెక్క లేదు | అక్కర్లేదు | సాధన | పరిమితం, తోడుగా ఉపయోగం |
| మందులు | నెలల నుంచి ఏడాది పైన | అక్కర్లేదు | రోజూ మాత్ర | మధ్యస్థం |

మూడో నిలువు వరసను, ఘటన గురించి ఎంత చెప్పాలన్నదాన్ని, జాగ్రత్తగా చూడండి. పద్ధతి ఎంచుకునేటప్పుడు మనవాళ్లు ఫీజు అడుగుతారు, సమయం అడుగుతారు, దీన్ని అడగరు. మధ్యలో మానేయడానికి ఇదీ ఒక కారణం కావచ్చు.

## సీపీటీ: అపరాధ భావం ముదిరినప్పుడు

కాగ్నిటివ్ ప్రాసెసింగ్ థెరపీ. రూపొందించింది ప్యాట్రీషియా రెసిక్. ఘటన కంటే, ఘటన తర్వాత మనసులో స్థిరపడిపోయిన వాక్యాల మీద ఎక్కువ పని జరుగుతుంది. ‘ఆ దారిన నేనే తీసుకెళ్లాను’, ‘ఎదురు తిరగలేదంటే ఒప్పుకున్నట్టే కదా’, ‘ఇక ఏ మగవాణ్నీ నమ్మకూడదు’ లాంటివి. ఇలా మనిషిని కదలనివ్వని నమ్మకాలను ఒక్కొక్కటిగా కాగితం మీద పెట్టి, దానికి ఆధారం ఏమిటి, ఆ క్షణంలో మీకు నిజంగా ఏం తెలుసు, ఏం చేయగల స్థితిలో ఉన్నారు అని పరిశీలిస్తారు. చివరి సెషన్లు అయిదు విషయాల చుట్టూ నడుస్తాయి: భద్రత, నమ్మకం, అదుపు, ఆత్మగౌరవం, సాన్నిహిత్యం.

ఘటనను వివరంగా రాయకుండానే ఈ చికిత్స పూర్తి చేసే రూపం ఉంది, అది కూడా బాగానే పని చేస్తుంది. చెప్పడానికి సిగ్గు అడ్డొచ్చేవారికి ఇది పెద్ద వెసులుబాటు.

బెడిసికొట్టేది రెండు చోట్ల. ఇంటిపని చేయకపోతే వారం మొత్తం వృథా. రాయడం ఇబ్బందయితే ఫోన్‌లో మాటగా రికార్డు చేసుకుని వెళ్లొచ్చా అని అడగండి. రెండోది భాష. వర్క్‌షీట్లు చాలాచోట్ల ఇంగ్లిష్‌లోనే ఇస్తారు, కానీ ‘నాదే తప్పు’ అన్న మాట మీ లోపల ఏ భాషలో వినిపిస్తుందో ఆ భాషలోనే రాయాలి. ఇంగ్లిష్‌లో రాస్తే తెలివిగా ఉంటుంది, గుండెకు తగలదు.

## ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్: తప్పించుకు తిరగడమే జబ్బుగా మారినప్పుడు

ఎడ్నా ఫోవా అభివృద్ధి చేసిన పద్ధతి. రెండు భాగాలు. ఒకటి, కళ్లు మూసుకుని, ఇప్పుడే జరుగుతున్నట్టుగా ఘటనను మొదటి నుంచి చివరిదాకా చెప్పడం, మళ్లీ చెప్పడం, సెషన్‌లో 30-45 నిమిషాలు. దాన్ని రికార్డు చేసి రోజూ ఇంటి దగ్గర వినాలి. రెండోది, ప్రమాదం లేకపోయినా మీరు తప్పించుకుంటున్న చోట్ల జాబితా రాసి, ఒక్కోదానికి భయం మార్కులు 0 నుంచి 100 వరకు వేసి, 40-50 దగ్గర ఉన్నదానితో మొదలుపెట్టి మెట్టు మెట్టుగా పైకి వెళ్లడం.

లారీ గుద్దిన మనిషిని తీసుకుందాం. ఆగి ఉన్న బైక్ మీద కూర్చోవడం 35, కాలనీలో నడపడం 50, వెనక ఎవరైనా ఉండగా మెయిన్‌రోడ్డు 70, అదే కూడలి, అదే సమయం 95. ప్రతి మెట్టు దగ్గరా భయం సగానికి తగ్గేదాకా, లేదా కనీసం 30-45 నిమిషాలు అక్కడే ఉండాలి. భయం శిఖరాన ఉండగా దిగిపోతే, తప్పించుకున్నాను కాబట్టే బతికానని మెదడు నేర్చుకుంటుంది. వాహనాల రద్దీ నిజంగా ప్రమాదకరమైన చోటును జాబితాలో పెట్టకూడదు. ఇది ధైర్య పరీక్ష కాదు.

మన ఇళ్లలో అసలు అడ్డంకి ఆ రికార్డింగ్. నలుగురు తిరిగే ఇంట్లో రోజూ 40 నిమిషాలు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఏడుస్తూ కూర్చునే చోటు ఎక్కడ? ఫోన్ భార్యాభర్తలిద్దరూ వాడుతుంటే ఆ ఫైలు ఎక్కడ దాచాలి? తాళం ఉన్న యాప్, ఆగి ఉన్న కారు, ఆఫీసులో ఖాళీ గది... ఏది కుదురుతుందో మొదటి సెషన్‌లోనే తేల్చుకోండి. ఏదీ కుదరకపోతే ఈఎండీఆర్ వైపు చూడడమే మంచిది.

## ఈఎండీఆర్: నోరు తెరిచి చెప్పలేనప్పుడు

ఐ మూవ్‌మెంట్ డీసెన్సిటైజేషన్ అండ్ రీప్రాసెసింగ్. 1987లో ఫ్రాన్సిన్ షాపిరో మొదలుపెట్టిన పద్ధతి. జ్ఞాపకంలోని అత్యంత బాధాకరమైన దృశ్యాన్ని, దానికి అంటుకున్న నమ్మకాన్ని, ఒంట్లో అది ఎక్కడ తెలుస్తోందో మనసులో ఉంచుకుంటారు. అలా ఉంచుకుని థెరపిస్ట్ వేలిని కుడికీ ఎడమకీ కళ్లతో అనుసరిస్తారు. ఒక్కో విడత అర నిమిషం అటూ ఇటూ. తర్వాత ‘ఇప్పుడేం వచ్చింది?’ అని అడుగుతారు, ముక్తసరిగా చెబితే చాలు. బాధ 0 నుంచి 10 కొలత మీద ఎక్కడుందో మధ్యమధ్యలో చూసుకుంటారు.

కళ్ల కదలికే మందా, లేక జ్ఞాపకాన్ని సురక్షితంగా తలచుకోవడమే మందా అన్న వాదన పరిశోధకుల్లో ఇంకా తెగలేదు. ఫలితాలు మాత్రం పై రెండు పద్ధతులకు దీటుగా ఉన్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013 మార్గదర్శకాల్లో దీన్ని కూడా సిఫారసు చేసింది.

దీనికి ఎనిమిది దశలున్నాయి. కళ్లు కదిపేది నాలుగో దశలో. మొదటి దశలో చరిత్ర తెలుసుకుంటారు, రెండో దశలో ఉద్వేగం ఎక్కువైతే తిరిగి స్థిమితపడే మార్గాలు నేర్పుతారు. మొదటి రోజే, అరగంటలో వేలు ఊపడం మొదలుపెట్టారంటే రెండో దశను దాటేసినట్టే. తర్వాత మూడు రోజులు ఇంట్లో మనిషి అల్లాడిపోతే దిక్కుండదు. శిక్షణ ఎంత అయిందో కూడా నిలదీసి అడగాల్సింది ఇక్కడే. అమెరికాలోని ఈఎండీఆర్ సంఘం ప్రాథమిక శిక్షణకు పెట్టిన కొలత 20 గంటల బోధన, 20 గంటల సాధన, 10 గంటల కన్సల్టేషన్. శని, ఆదివారాల వర్క్‌షాప్ ఒకటి చేసి వచ్చినవారు దీనికి సరిపోరు. సెషన్ అయిన రోజు, మర్నాడు కలలు ఎక్కువగా రావడం మామూలే. ఆ రోజు సాయంత్రానికి బండి నడిపే పని, ముఖ్యమైన మీటింగ్ పెట్టుకోకండి.

## నెట్, పిల్లల చికిత్స

నెట్ అంటే నెరేటివ్ ఎక్స్‌పోజర్ థెరపీ. యుద్ధ శరణార్థుల కోసం పుట్టింది. నేల మీద తాడు పరిచి, పుట్టిన దగ్గర నుంచి మంచి ఘటనలకు పూలు, చెడు ఘటనలకు రాళ్లు పెట్టి, ఒక్కో రాయి కథను వరసగా చెప్పించి చివరికి జీవితకథగా రాసి ఇస్తారు. ఒకటి కంటే ఎక్కువ ఘటనలు కలగలిసిపోయినవారికి బాగుంటుంది. శిక్షణ పొందినవారు దొరకడమే కష్టం.

పిల్లలకు ట్రామా ఫోకస్డ్ సీబీటీ. సీబీటీ అంటే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ, ఆలోచనలనూ అలవాట్లనూ మార్చే చికిత్స. 3 నుంచి 18 ఏళ్ల వారికి, ఎక్కువగా 12-16 సెషన్లు, అమ్మానాన్నల్లో ఒకరు, లేదా బిడ్డను చూసుకునే పెద్దవారు భాగం కావడం ముఖ్యం. ఇంటికొచ్చిన ప్రతి బంధువు ముందూ బిడ్డ చేత మళ్లీ చెప్పించడం మానేస్తే సగం మేలు. ఒక చట్టం సంగతి కూడా ముందే తెలిసి ఉండాలి: పోక్సో చట్టం 2012, సెక్షన్ 19 ప్రకారం బిడ్డపై లైంగిక నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకు తెలియజేయాలి. కౌన్సెలర్‌కూ ఇది వర్తిస్తుంది. ‘ఏది గోప్యంగా ఉంచుతారు, ఏది చెప్పాల్సి వస్తుంది’ అని మొదటి పది నిమిషాల్లోనే వివరించే కౌన్సెలర్ మంచి కౌన్సెలర్.

## యోగా, శ్వాస, ‘హోలిస్టిక్’

నిజంగా సమగ్రంగా చూసేవారు ముందు మామూలు సంగతులు అడుగుతారు: ఎన్ని గంటలు నిద్రపోతున్నారు, కాఫీ ఎన్నిసార్లు, థైరాయిడ్, హిమోగ్లోబిన్, బీ12 ఎప్పుడు చూపించుకున్నారు. థైరాయిడ్ ఎక్కువైతే గుండెదడ, వణుకు, నిద్రలేమి వస్తాయి. వాటిని ట్రామా ఖాతాలో వేస్తే ఏ థెరపీ తగ్గిస్తుంది? ఇంట్లో ఎవరు తోడున్నారు, పూజ, చర్చి, నమాజు ఊరటనిస్తున్నాయా, భయపెడుతున్నాయా అనీ అడుగుతారు.

యోగా తోడుగా పని చేస్తుందనడానికి కొంత ఆధారం ఉంది. 2014లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో ఇతర చికిత్సలకు లొంగని పీటీఎస్‌డీ ఉన్న 64 మంది మహిళలు పాల్గొన్నారు. వారానికి గంట చొప్పున పది వారాలు ట్రామాకు తగ్గట్టు మార్చిన యోగా చేసినవారిలో లక్షణాలు బాగా తగ్గాయి. ‘తగ్గట్టు మార్చిన’ అన్నదే ఇక్కడ కీలకం. గురువు వెనక నుంచి వచ్చి భుజాలు సరిచేయకూడదు. కళ్లు తెరిచి చేయొచ్చు. చీకటి గదిలో శవాసనం కొందరికి నేరుగా ఘటన జరిగిన రాత్రినే గుర్తుచేస్తుంది, పక్కకు తిరిగి పడుకునే వీలుండాలి. శ్వాసకు కుంభకం (ఊపిరి బిగబట్టడం) వద్దు, నాలుగు లెక్కల్లో పీల్చి ఆరు లెక్కల్లో వదలడం అయిదు నిమిషాలు చాలు. ఊపిరి మీద ధ్యాస పెడితేనే గుండె బిగుస్తోందంటే పాదాలు నేలను తాకుతున్న చోట ధ్యాస పెట్టండి. పది రోజుల మౌన ధ్యాన శిబిరాలు స్థిమితపడని దశలో వద్దు. అక్కడ జ్ఞాపకాలు పైకి లేస్తే పట్టుకునే థెరపిస్ట్ ఉండరు.

సోమాటిక్ ఎక్స్‌పీరియన్సింగ్ పీటర్ లెవీన్ రూపొందించినది. ఒంట్లోని బిగువును, వణుకును కొద్దికొద్దిగా గమనిస్తూ వదిలించే పద్ధతి. ఆసక్తికరమైనదే గానీ అధ్యయనాలు తక్కువ. మొదటి ఎంపికగా కాక, జ్ఞాపకం దగ్గరికి పోలేనివారికి సన్నాహంగా చూడడం సబబు.

హిప్నాటిజంతో మరచిపోయిన జ్ఞాపకాలు వెలికితీస్తామనేవారి దగ్గర, పూర్వజన్మలోకి తీసుకెళ్తామనేవారి దగ్గర, ఒక్క సెషన్‌లో నయం అనేవారి దగ్గర లేచి వచ్చేయండి. సూచనలిస్తూ వెతికిస్తే జరగనివి కూడా జరిగినట్టు గుర్తొస్తాయి.

## మందులు

సెర్ట్రలిన్, పారోక్సెటిన్... అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పీటీఎస్‌డీకి ఆమోదించినవి ఈ రెండే. ప్రభావం తెలియడానికి 4-6 వారాలు పడుతుంది. మొదటి రెండు వారాలు వికారం, కడుపులో గడబిడ, నిద్రలో తేడా ఉంటాయి. సరిగ్గా అప్పుడే చాలామంది పడలేదని ఆపేస్తారు. ఉన్నట్టుండి ఆపితే తల తిరగడం, చిరాకు వస్తాయి. డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. సెషన్‌కు వెళ్లే ఓపిక కూడా లేనంత కుంగుబాటు ఉన్నవారికి, థెరపిస్ట్ అందుబాటులో లేని ఊళ్లవారికి మందులతో మొదలుపెట్టడమే ఆచరణయోగ్యం. ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య సంస్థ, విశాఖలోని ప్రభుత్వ మానసిక ఆసుపత్రి, బోధనాసుపత్రుల సైకియాట్రీ ఓపీలు ఉన్నాయి.

ఆందోళన తగ్గడానికి, నిద్రకు ఇచ్చే ఆల్ప్రజోలమ్, క్లోనజెపామ్ సంగతి వేరు. ఆ రాత్రికి నిద్ర పడుతుంది, పీటీఎస్‌డీ తగ్గదు, కొన్ని వారాలకే అలవాటవుతుంది. ఎక్స్‌పోజర్ చికిత్స జరుగుతుండగా వేసుకుంటే భయం దానంతటదే తగ్గుతుందన్న పాఠం మెదడుకు అందదు. ఇప్పటికే వాడుతుంటే సొంతంగా ఆపకండి, ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది.

## ఎవరికి ఏది

ఒక్క ఘటన, ఆ తర్వాత ఇల్లు కదలకపోవడం ప్రధాన సమస్యయితే ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్. తప్పంతా నాదే అన్న భావన, సిగ్గు ముందుంటే సీపీటీ. చెప్పలేనివారికి, ఇంటిపనికి ఏకాంతం లేనివారికి ఈఎండీఆర్. వీటిలో ఏదీ మీ ఊళ్లో లేకపోతే, ట్రామా మీద పని చేసిన సాధారణ సీబీటీ థెరపిస్ట్ అయినా నయమే. మూడు పద్ధతుల మధ్య తేడా కంటే, ఏదో ఒకదాన్ని పూర్తి చేయడానికీ మధ్యలో వదలడానికీ మధ్య తేడా పెద్దది.

చిన్ననాటి నుంచి సాగిన హింస అయితే, అమెరికా సైకియాట్రిస్ట్ జ్యుడిత్ హెర్మన్ 1992లో చెప్పిన మూడు దశల వరస ఇప్పటికీ పనికొస్తుంది: భద్రత, జ్ఞాపకంతో పని, తిరిగి జీవితంలోకి. దీనితో ఒక చిక్కుంది. కొందరు థెరపిస్టులు మొదటి దశలోనే ఏడాది గడిపేస్తారు, ఇంకా సిద్ధంగా లేరు అంటూ. ఎనిమిది, పది సెషన్లయ్యాక ‘జ్ఞాపకం మీద పని ఎప్పుడు మొదలుపెడతాం, దానికి ముందు నాలో ఏం మారాలి’ అని అడగండి. స్పష్టమైన జవాబు లేకపోతే అది చికిత్స కాదు, వాయిదా.

విదేశాల్లో ఉన్న తెలుగువారికి వేరే లెక్క. అమెరికాలో థెరపిస్ట్ లైసెన్సు రాష్ట్రాల వారీగా ఉంటుంది. హైదరాబాద్ నుంచి వీడియోలో మాట్లాడే తెలుగు థెరపిస్ట్‌కు అక్కడ చికిత్స చేసే అనుమతి, అత్యవసరమైతే ఎవరిని పిలవాలన్న ఏర్పాటు ఉండకపోవచ్చు, బీమా వర్తించకపోవచ్చు. అత్తగారు అంటే ఏమిటో వివరించే పని తప్పుతుందన్నది మాత్రం నిజమైన లాభం. ప్రాణభయం, ఆత్మహత్య ఆలోచనలు ఉంటే స్థానికంగా లైసెన్సు ఉన్నవారే కావాలి.

## మొదటి ఫోన్‌లో అడగాల్సినవి

మన దగ్గర కౌన్సెలర్ అని ఎవరైనా బోర్డు పెట్టుకోగలరు. క్లినికల్ సైకాలజిస్ట్‌నని చెప్పుకునేవారికి ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉండాలి, నంబరు అడిగి ఆర్‌సీఐ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. మందులు రాయాల్సింది డాక్టరే, వీటిలో నిపుణులు సైకియాట్రిస్టులు. ఆ తర్వాత ఈ ప్రశ్నలు:

- ట్రామాకు మీరు చేసే పద్ధతి పేరేమిటి, శిక్షణ ఎక్కడ, ఎవరి పర్యవేక్షణలో చేశారు? ‘అన్నీ కలిపి చేస్తాను’ అంటే మరో ప్రశ్న వేయండి: నాలాంటి సమస్యకు మొదటి నాలుగు సెషన్లలో ఏం చేస్తారు?
- సెషన్ ఎన్ని నిమిషాలు? ఎక్స్‌పోజర్ చేస్తానంటూ 40 నిమిషాల స్లాట్ ఇస్తే కుదరదు.
- మెరుగవుతున్నానని దేనితో కొలుస్తారు?
- సెషన్ మధ్యలో నేను ఆపమంటే ఏం చేస్తారు?

ఫీజు పోల్చేటప్పుడు ఒక్క సెషన్ ధర చూడకండి. సెషన్ల సంఖ్యతో గుణించండి. లెక్కా ముగింపూ ఉన్న ఖరీదైన 12 సెషన్లు, అంతులేని చౌక సెషన్ల కంటే తక్కువకే వస్తాయి. 20 సెషన్ల ప్యాకేజీకి ముందే డబ్బు కట్టకండి. మానసిక ఆరోగ్య చట్టం 2017 ప్రకారం బీమా కంపెనీలు మానసిక అనారోగ్యాన్ని శారీరక అనారోగ్యంతో సమానంగా చూడాలి. అయితే చాలా పాలసీలు ఓపీ ఖర్చే ఇవ్వవు కాబట్టి మీ పాలసీలో ఆ వాక్యం వెతకండి.

## మారాల్సి వస్తే

పీటీఎస్‌డీ లక్షణాలను కొలిచే పీసీఎల్-5 అనే ప్రశ్నావళి 20 ప్రశ్నలది, మొత్తం 80 మార్కులు. 31-33 దాటితే పీటీఎస్‌డీ ఉండే అవకాశం ఎక్కువ, నిర్ధారణ మాత్రం నిపుణులే చేయాలి. రెండు వారాలకోసారి నింపి తేదీ వేసుకోండి. జ్ఞాపకం మీద పని మొదలైన కొత్తలో మార్కులు కొంచెం పెరగొచ్చు, అందుకని మానేయకండి. పది, పదిహేను మార్కులు తగ్గితే నిజమైన మార్పు కింద లెక్క. జ్ఞాపకం మీద పని మొదలై ఆరు, ఎనిమిది సెషన్లయినా కదలిక లేకపోతే కాగితాలు ముందు పెట్టి థెరపిస్ట్‌తో మాట్లాడండి. పద్ధతి మార్చొచ్చు, మందు జత చేయొచ్చు.

మాట్లాడకుండానే వదిలేయాల్సిన సందర్భాలూ ఉన్నాయి: మీ అనుమతి లేకుండా ఇంట్లోవాళ్లకు చెప్పడం, క్షమించేయమని ఒత్తిడి చేయడం, చెప్పకుండా తాకడం, సెషన్ బయట వ్యక్తిగత సంబంధం కోరడం.

వేరొకరి దగ్గరికి వెళ్లేటప్పుడు ఏ పద్ధతి చేశారు, ఎన్ని సెషన్లు, ఎక్కడ ఆగింది, ఏ మందులు అని ఒక పేజీ సారాంశం రాసివ్వమని అడగండి. 2017 చట్టం సెక్షన్ 25 మీ ప్రాథమిక వైద్య రికార్డులు చూసే హక్కు ఇస్తుంది. ఆ పేజీ చేతిలో ఉంటే కొత్త మనిషి ముందు కథంతా మొదటి నుంచి చెప్పక్కర్లేదు.